మామగారి తెల్లకణాలు

మామగారికి మోకాళ్ళు అరిగాయి గానీ గొంతు మాత్రం అరగలేదు. వారమంతా తపాలా కార్యాలయంలో కూర్చుని ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, సెలవు రోజున ఫుట్‌బాల్ మైదానంలో విజిలుతో పరుగులు తీసిన మనిషి ఆయన. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే తపాలా సంగతి ఎత్తేవారు కాదు, "రిఫరీని" అనేవారు. ఆటగాళ్ళు ఆయనకి 'కత్తెర' అని పేరు పెట్టారు. ఒకసారి సొంత బావమరిదికే ఎర్రకార్డు చూపించి మైదానంలోంచి పంపించేశారు. అత్తగారు ఇప్పటికీ ఆ మాట తలచుకుని పళ్ళు నూరుతారు.

రిటైరయ్యాక ఆ అధికారమంతా ఇంట్లోకి వచ్చిపడింది. స్నానాలగది ముందు ఎవరు ముందు నిలబడ్డారో, టీవీ రిమోటు ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉందో ఆయనే తేల్చేవారు. వినేవాళ్ళు లేకపోయినా తీర్పులు ఇచ్చేవారు. కొడుకు మెట్రో రైలు నడుపుతాడు. వేళాపాళా లేని డ్యూటీలు కావడంతో ఇంట్లో ఉన్నంతసేపూ దుప్పట్లోనే ఉంటాడు. కాబట్టి ఆయన పాలనంతా భార్య మీదా కోడలి మీదా సాగేది.

ఆరోగ్యం విషయంలో ఆయనకో గట్టి నమ్మకం ఉంది. భోజనాల బల్ల మీద, ఆయన కుర్చీకి సరిగ్గా ఎదురుగా, విటమిన్ సి బిళ్ళల డబ్బా ఉండేది. వాటిని చప్పరించడం కూడా కాదు, పిప్పరమెంట్లలా కరకర నమిలేవారు.

"నాకు జలుబు చేసి ఎన్నేళ్ళయిందో చెప్పు చూద్దాం" అని అత్తగారిని అడిగేవారు.

"మొన్నేగా తుమ్మి తుమ్మి ఇంటి కప్పు లేపేశారు."

"అది జలుబు కాదు. దుమ్ము."

ఈ గొడవలో కోడలు తలదూర్చేది కాదు. తలదూరిస్తే సాయంత్రం దాకా బయటపడలేనని ఆమెకి తెలుసు. ఎందుకంటే ఆమె చేసే ఉద్యోగమే అది. వైద్య కళాశాల మూడో అంతస్తులో, ఫ్రిజ్‌ల మధ్య, గుయ్యిమని తిరిగే యంత్రాల మధ్య కూర్చుని, రక్తంలోని తెల్లకణాలు విటమిన్ సి ని ఎలా పీల్చుకుంటాయో కనిపెట్టడం ఆమె పని. ఒంట్లోకి క్రిములు దూరగానే అందరికంటే ముందు పరుగెత్తుకెళ్ళే తెల్లకణాలు కొన్ని ఉంటాయి. చుట్టూ ఉన్న రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ విటమిన్ సి వాటి కడుపులో ఉంటుంది. అంత ఎలా పోగేసుకుంటాయన్నదే ఆమెకి పట్టిన పిచ్చి.

ఆ కణాలతో ఒకటే తంటా. అవి నిలవ ఉండవు. ఫ్రిజ్‌లో పెట్టుకుని తీరిగ్గా వాడుకుందామంటే కుదరదు, పొద్దున తీసిన రక్తం పొద్దునే పనిలోకి రావాలి. ఇన్నాళ్ళూ కళాశాల గ్రంథాలయం గుమాస్తా ఒకాయన ఓపిగ్గా చెయ్యి చాపేవాడు. బిళ్ళలూ మందులూ వాడని మనిషి, పొగ తాగడు, వేళకి నిద్రపోతాడు. ఇలాంటి పనికి అతడికంటే మంచి మనిషి దొరకడు. అలాంటివాడు జ్వరంతో మంచం పట్టాడు. నెల తిరిగేసరికి పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి నిధులిచ్చే సంస్థ పెద్దలు వస్తారు. ప్రయోగశాల నడిపే పెద్ద మేడమ్ అప్పటికే ఎదురుపడ్డప్పుడల్లా కనుబొమలు ఎగరేస్తోంది.

రాత్రి భోజనాల దగ్గర కోడలు ఆ బాధ వెళ్ళబోసుకుంది.

"నా రక్తానికేం రోగమమ్మా?" అన్నారు మామగారు.

"ఏ రోగమూ లేదు మామయ్యా. కానీ మీరు బిళ్ళలు మానేయాలి. అప్పటిదాకా మీ రక్తం పనికిరాదు."

అత్తగారు అన్నం పెడుతున్న చేయి గాల్లోనే ఆపేశారు. మామగారు డబ్బా వైపు చూశారు, కోడలి వైపు చూశారు. తర్వాత లేచి, డబ్బా తీసి భార్య చేతికిచ్చారు.

"నా చేతికి అందని చోట పెట్టు."

"మీ చేతికందని చోటు ఈ ఇంట్లో ఎక్కడుందండీ? నాకే స్టూలు కావాలి" అంటూ అత్తగారు స్టూలెక్కి గిన్నెల అలమర నెత్తిన పెట్టారు.

మామగారు మళ్ళీ కూర్చుని గొంతు సవరించుకున్నారు. "ఇంతకీ నా రక్తంతో ఏం చేస్తావు?"

"మీ తెల్లకణాలకి విటమిన్ సి పెట్టి, ఎంత తింటాయో చూస్తాను."

"నోరుంటుందా వాటికి?"

"నోరుండదు, ఒంటినిండా తలుపులుంటాయి. విటమిన్ సి కోసమే ఒక రకం తలుపు ఉంది. క్రిములు లేని రోజుల్లో దాంట్లోంచి కొద్దికొద్దిగా తీసుకుంటూ ఉంటాయి. క్రిమి తగిలిందంటే మాత్రం ఆ నెమ్మది సరిపోదు."

"మరేం చేస్తాయి?"

"క్రిమిని చంపడానికి కణం ఒక ఘాటు పదార్థం కక్కుతుంది. ఆ ఘాటు తగిలి చుట్టూ ఉన్న విటమిన్ సి రూపం మారిపోతుంది. మారాక దాని వాలకం కాస్త చక్కెరలా ఉంటుంది మామయ్యా. చక్కెర కోసం కణానికి వేరే తలుపులున్నాయి, బోలెడన్ని. వాటిల్లోంచి జొరబడిపోతుంది. లోపలికి రాగానే కణం దాన్ని మళ్ళీ మామూలు విటమిన్ సి చేసేస్తుంది. ఇక ఆ తలుపులోంచి తిరిగి బయటికి పోలేదు. చూస్తుండగానే పదింతలు పోగవుతుంది."

మామగారు చెంచా కింద పెట్టారు. "అంటే వేషం మార్చుకుని, వేరేవాళ్ళ గేటులోంచి లోపలికొస్తుందన్నమాట."

"అంతే."

"ఫౌల్."

"అయ్యో మామయ్యా, ఆ విటమినే లేకపోతే కణం తను కక్కిన ఘాటుకి తనే మాడిపోతుంది పాపం."

"ఆత్మరక్షణ అంటావు. సరే, ఈసారికి వదిలేద్దాం." అంతలోనే మళ్ళీ అందుకున్నారు. "అయితే రోజుకి నాలుగు బిళ్ళలు నమిలితే నాలుగింతలు నిండుతాయి కదా?"

కోడలు అత్తగారి వైపు చూసింది. చెప్పమన్నట్టు ఆవిడ కళ్ళెగరేశారు.

"కొంతవరకే మామయ్యా. పళ్ళూ కూరలూ సరిగ్గా తింటే చాలు, నిండిపోతాయి. ఆ పైన మింగిందంతా బాత్రూము పాలే."

అత్తగారు నవ్వాపుకోలేక వంటగదిలోకి పరుగెత్తారు. ఆవిడ నవ్వు అక్కణ్ణుంచి చాలాసేపు వినబడింది.

మామగారు మాట మీద నిలబడ్డారు. బిళ్ళ ముట్టలేదు. అనుకున్న రోజు రాగానే తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏమీ తినకుండా కోడలితో బయలుదేరారు. రక్తం తీసే నర్సు చేతికి పట్టీ బిగించి నరం వెతుకుతుంటే, "తొందరేం లేదమ్మా, మంచి చోటే చూసుకో" అని ధైర్యం చెప్పారు. తన కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే ఉన్నారు.

ఆ సాయంత్రం కోడలు చెప్పులు విప్పకముందే ఎదురొచ్చారు.

"మనవాళ్ళు ఎలా ఉన్నారు?"

"ఎవరు మామయ్యా?"

"పొద్దున నాతో వచ్చినవాళ్ళు."

కోడలికి అర్థమై నవ్వొచ్చింది గానీ ఆయన ముఖం చూసి ఆపుకుంది. "అవి సాయంత్రం దాకా నిలవవు మామయ్యా. వాటి ఆయుష్షే అంత."

ఆయన ముఖం చిన్నబోయింది. "అందరూనా?"

"మీ ఒంట్లో రోజూ కోట్లకొద్దీ కొత్తవి పుడుతుంటాయిగా."

"పుడతాయిలే. వెళ్ళినవాళ్ళు పని చేసి వెళ్ళారా లేదా, అది చెప్పు."

కోడలు చేతిసంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. కణాలు పని చెయ్యలేదు. క్రిముల బదులు చచ్చిన ఈస్టు తగిలించి కణాలని మేల్కొలిపింది. అవి మేల్కొన్నాయి, ఘాటూ కక్కాయి. విటమిన్ సి మాత్రం పదింతలు కాదు కదా, రెండింతలు కూడా లోపలికి పోలేదు. మొదటిసారి కదా అని ఆమె ఏదో సర్దిచెప్పింది. మళ్ళీ ఇంకో రోజు ఆయన చెయ్యి చాపారు. మళ్ళీ అంతే.

పెద్ద మేడమ్ లెక్కలన్నీ చూసి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంది.

"కణాలు ముందే కడుపు నింపుకుని వచ్చాయేమో. మీ మామగారు బిళ్ళలు మానలేదనుకుంటా. పెద్దవాళ్ళకి అలవాటు పోదమ్మా. ఒకసారి మెల్లగా అడుగు."

మెల్లగానే అడిగింది. వారమంతా వండిన కూరల రుచి దగ్గర మొదలుపెట్టి, తిరిగి తిరిగి, చివరికి బిళ్ళల దగ్గరికి తెచ్చింది. "ఎప్పుడైనా పొరపాటున, మరిచిపోయి ఒకటి..." అంటుండగానే ఆయన పేపరు మడిచారు. అరుస్తారని ఆమె సిద్ధపడి కూర్చుంది. అరవలేదు. లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అరిచి ఉంటే బాగుండునని ఆమెకి మొదటిసారి అనిపించింది.

మర్నాటి నుంచి మామగారు కోడలితో నేరుగా మాట్లాడడం మానేశారు. మాటలన్నీ అత్తగారి మీదుగా నడిచేవి. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చునేవాళ్ళు.

"ఏమోయ్, ఉప్పు కావాలేమో అడుగు."

"ఉప్పు కావాలా అని అడుగుతున్నారు."

"వద్దని చెప్పండి అత్తయ్యా."

"వద్దట."

"ఎందుకు వద్దో అడుగు. కూర చప్పగా ఉంది."

"చప్పగా ఉందా! పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి వండింది నేనండీ! నా మీదుగానే మాట్లాడుతూ నన్నే అంటారా?" అని అత్తగారు గరిటె కింద పడేశారు. ఆ రోజు నుంచి ఆవిడ కూడా కబుర్లు చేరవెయ్యడం మానేశారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఎప్పుడూ దుప్పట్లో ఉండే కొడుకు కూడా తల బయటపెట్టి, "ఏమైంది, అందరూ ఊరెళ్ళారా?" అని అడిగాడు.

ఒక పొద్దున అత్తగారు వంటగది గట్టు మీద తన షుగర్ మీటరు పెట్టుకుని వేలికి సూది గుచ్చుకుంటున్నారు. కోడలు పక్కనే టీ కాచుకుంటోంది.

"ఆయన్ని అనుమానించకుండా ఉండాల్సింది తల్లీ" అన్నారు అత్తగారు, గొంతు తగ్గించి. "బిళ్ళలు సరే. టీలో నిమ్మచెక్క పిండబోతే కూడా వద్దన్నారు తెలుసా? అందులోనూ అదే విటమిన్ ఉంటుందట, అమ్మాయి పని పాడవుతుందట. పాల టీ అంటే ఆయనకి గొంతు దిగదు. పదిహేను రోజులూ అదే తాగారు."

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఇంతలో మీటరు కిచకిచమంది. అత్తగారు అంకె చూసి ముఖం చిట్లించారు.

"ఇదిగో, నిన్న తిన్న ఒక్క కేకు ముక్క ఎంత పని చేసిందో చూడు. రక్తమంతా చక్కెరే."

కోడలు ఆ అంకెనే చూస్తూ నిలబడిపోయింది. టీ పొంగి పొయ్యి మీద పడింది. పట్టించుకోలేదు.

"అత్తయ్యా, ఆ మీటరు ఒక్క పూటకి ఇస్తారా?"

"నీకూ వచ్చిందా ఏమిటే!" అని అత్తగారు కంగారుపడ్డారు.

"నాకు కాదు. సీసాకి."

అత్తగారికి ఏమీ అర్థం కాలేదు. అయినా మీటరు చేతిలో పెట్టారు.

ప్రయోగశాలకి వెళ్ళీ వెళ్ళగానే ఆమె ఫ్రిజ్ తెరిచింది. కణాలని తేలించే ద్రవం సీసా అందులో ఉంది, పల్చటి గులాబీ రంగులో. ఆ ద్రవంలో మనిషి రక్తంలో ఉన్నంతే చక్కెర ఉండాలి. ఒక చుక్క తీసి మీటరు పట్టీ మీద వేసింది. ఆ మీటరు రక్తం కోసం చేసింది, ఇలాంటి ద్రవం దగ్గర అంకె కచ్చితంగా రాదని ఆమెకి తెలుసు. కానీ వచ్చిన అంకె ముందు కచ్చితం ఊసే అనవసరం. ఉండాల్సినదానికి నాలుగింతలు దాటింది. అత్తగారు కేకు మొత్తం తిన్నా అంత రాదు.

అప్పుడు గుర్తొచ్చింది. గుమాస్తా జ్వరం కబురు తెలిసిన రోజుల్లోనే తమ ద్రవం అయిపోయింది. పక్క గదిలో క్యాన్సర్ కణాలు పెంచేవాళ్ళ ఫ్రిజ్‌లో అదే రంగు సీసా కనబడితే, అదే కదా అనుకుని అడిగి తెచ్చుకుంది. ఆ కణాలు తిండిపోతులు, వాటికి పాకంలాంటి ద్రవం కావాలి. ఇక్కడ మామగారి కణాల పరిస్థితి ఏమయిందో ఆలోచిస్తే ఆమెకి జాలేసింది. విటమిన్ సి వేషం వేసుకుని చక్కెర తలుపు దగ్గరికి వస్తే, అక్కడ అసలు చక్కెరే తిరునాళ్ళలా తోసుకుంటోంది. దానికి సందేది?

పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "సరే. ముందు మన సీసా తెప్పించు. ఆ తర్వాత ఇంటికెళ్ళు. నాకంటే ముందు చెప్పాల్సిన మనిషి అక్కడున్నాడు. నా తరఫున కూడా చెప్పు, అనుమానం రేపింది నేను" అంది.

ఇంటికొచ్చేసరికి మామగారు వరండాలో పాత బూట్లకి పాలిష్ పెడుతున్నారు. కోడలు ఎదురుగా నేల మీదే చతికిలబడింది.

"తప్పు నాది మామయ్యా. మీదీ కాదు, మీ కణాలదీ కాదు. నేను వాడిన ద్రవంలో చక్కెర ఎక్కువైంది. అది వాటి తలుపులకి అడ్డం పడింది. చూసుకోకుండా తెచ్చిందీ నేనే, మిమ్మల్ని అనుమానించిందీ నేనే. మా మేడమ్ కూడా క్షమించమన్నారు."

బూటు మీద బ్రష్ ఆగింది. చాలా రోజుల తర్వాత ఆయన నేరుగా ఆమె కళ్ళలోకి చూశారు.

"సీసా మారిన సంగతి ఎవరైనా కనిపెట్టారా?"

"లేదు, నాకే అనుమానం వచ్చి చూశాను."

"నువ్వు చెప్పకపోతే తెలిసేదా?"

"తెలిసేది కాదు. కొత్త సీసా పెట్టుకుంటే సరిపోయేది."

ఆయన బూటు పక్కన పెట్టారు. "అన్నేళ్ళు విజిలు ఊదానమ్మా. అందరూ 'నేను కాదు సార్' అన్నవాళ్ళే. చొక్కా చింపి చేతిలో ముక్క పట్టుకుని కూడా 'నేను కాదు సార్' అన్నాడొకడు. నడిచొచ్చి 'ఫౌల్ నేనే చేశాను' అన్నవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూళ్ళేదు." బ్రష్ మీద ఉన్న దుమ్ము ఊదారు. "మళ్ళీ ఎప్పుడు రావాలి?"

"నిజంగా వస్తారా?"

"రాక? మనవాళ్ళకి పడిన మచ్చ ఎవరు చెరుపుతారు?" అని లోపలికి కేకేశారు. "ఏమోయ్! అమ్మాయికి టీ పెట్టు. నాకు మాత్రం ఆ పాల టీయే. ఇంకా ఆట అవ్వలేదు."

ఈసారి కోడలు ఆయన్ని పైన ప్రయోగశాలలోకి కూడా తీసుకెళ్ళింది. తెల్లకోటు తొడిగితే భుజాల దగ్గర బిగుతైంది, అయినా విప్పనన్నారు. సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించింది. మొదట తన కనురెప్పలే కనబడుతున్నాయని విసుక్కున్నారు. తర్వాత ఉలిక్కిపడ్డారు.

"గుండ్రంగా పడుకుని ఉన్నారే!"

"అవే మామయ్యా. ఇప్పుడు ఈస్టు వేస్తున్నాను, చూడండి."

కొంతసేపు ఏమీ జరగలేదు. ఆ పైన ఒక కణం అంచు సాగింది. ఇంకొకటి ఒళ్ళు విరుచుకున్నట్టు పొడుగైంది. ఒక్కొక్కటే ముందుకి పాకడం మొదలుపెట్టాయి. మామగారు కుర్చీ అంచుకి జరిగారు.

"పదండ్రా... పదండి! ఎడమవైపు! ఒరేయ్, వాడు నీ ఎడమవైపే ఉన్నాడురా! అదీ! పట్టు!"

పక్క బల్లల వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. పెద్ద మేడమ్ తలుపు దగ్గర నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మామయ్యా" అని కోడలు చెవిలో అంది, "రిఫరీ ఏదో ఒక పక్షం వహించవచ్చా?"

"నేను రిటైరయ్యానమ్మా" అన్నారాయన, కన్ను తియ్యకుండానే.

మధ్యాహ్నం యంత్రం అంకెలు బయటపెట్టింది. మేల్కొన్న కణాల కడుపులో విటమిన్ సి పదింతలకి పైగా చేరింది. కోడలు నడవాలోకి పరుగెత్తుకొచ్చింది. బెంచీ మీద ఇంటికి పోకుండా కూర్చున్న మామగారికి ఆ మాట చెప్పింది. ఆయన లేచి నిలబడ్డారు. తెల్లకోటు గుండీలు సవరించుకుని, ఎదురుగా వెళుతున్న ఊడ్చే ఆవిణ్ణి ఆపి, "పదింతలమ్మా. మా వాళ్ళు" అన్నారు. ఆవిడ మనవలనుకుని శుభాకాంక్షలు చెప్పింది.

ఆ సంతోషం సగం మిగిలి ఉండగానే గుమాస్తా జ్వరం తగ్గి తిరిగి ఉద్యోగంలోకి వచ్చాడు. ఇక మామగారికి ఈ మాట ఎలా చెప్పాలా అని కోడలు మథనపడింది. భోజనాల దగ్గర ఆయనే తేలిగ్గా అన్నట్టు అడిగారు.

"ఆ గుమాస్తా కోలుకున్నాడట కదా. ఇక మాతో పనేముందిలే."

"ఎందుకు లేదు? పెద్ద వయసువాళ్ళ కణాలు కూడా ఇలాగే పోగేస్తాయా అని చూద్దామంటున్నారు మేడమ్. మీ ఒక్కరితో సరిపోదు. మీ వయసువాళ్ళే ఇంకొందరు దొరికితే బాగుండును."

ఆయన కళ్ళు మెరిశాయి. చెయ్యి కడుక్కుని ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళారు. ఒకరి తర్వాత ఒకరికి ఫోను చేస్తూ, "ఒరేయ్, నీ ఒంట్లో సరుకుందా లేదా తేలిపోతుంది, వస్తావా?" అని అడగడం లోపలికి వినబడింది.

అనుకున్న పొద్దున కోడలు కళాశాల మెట్లెక్కుతుంటేనే కింది నడవాలోంచి గోల వినబడింది. నర్సు గది బయట బెంచీ నిండా రిటైరైన రిఫరీలు. ఒకాయనకి చెవిలో మిషను, ఇంకొకాయన చేతిలో కర్ర. అందరూ ఖాళీ కడుపుతో ఉన్నారేమో చిరాకు మీదున్నారు. ఏనాటి ఆటలోనో బంతి గోలు గీత దాటిందా లేదా అని జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. మధ్యలో మామగారు నిలబడి, నా రక్తం చిక్కనిదంటే నాదని కొట్టుకుంటున్న ఇద్దరినీ విడదీస్తున్నారు. మిగతావాళ్ళు నేను ముందంటే నేను ముందని ఒకరి మీద ఒకరు లేస్తున్నారు.

నర్సు తలుపు తీసి, సూదీ పట్టీ ఉన్న పళ్ళెంతో గుమ్మంలో నిలబడింది.

"మొదట ఎవరండీ?"

నడవా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అందరూ ఒకేసారి పక్కవాణ్ణి చూపించారు.